రేడియో వర్తకమును శ్రోతల హక్కును

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగరు అను పేటలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు పుట్టినిల్లు కాకున్నను మెట్టినిల్లయినవి. చెన్నపట్టణమున పెరిగి పెద్దదైన యీ పరిశ్రమ 1970వ దశకము మొదలుకొని క్రమక్రమముగా నీ కొండరాళ్ల మీదికి తరలివచ్చినది. ఆ దశకమున అక్కినేని నాగేశ్వరరావుగారు ప్రక్కనున్న బంజారా హిల్సున అన్నపూర్ణ స్టూడియోను స్థాపించిరి. పిమ్మట రామానాయుడుగారి స్టూడియో మొదలగునవి ఈ చుట్టుపట్ల వెలసినవి. నేడు తెలుగువాడు శ్రీకాకుళమున నున్నను, అమెరికాలో నున్నను వాని చెవినిబడు క్రొత్త పాటలలో హెచ్చుభాగమునకు ఈ కొలదిమైళ్ల మేరతో ఏదో యొక సంబంధము ఉండకమానదు.

అయితే పాట శ్రోతను చేరు త్రోవ మాత్రము మారిపోయినది. ఇరువది యేండ్ల క్రిందట పాటల పెట్టె కొనలేనివానికి క్రొత్త పాట వినవలెనన్న రేడియోయు టెలివిజనును దిక్కుగా నుండెడివి. నేడు చిత్రము విడుదలకు వారములు ముందుగనే పాట చేతిఫోనులోనికి దిగుచున్నది. కోరినప్పుడు కోరినన్ని మారులు వినవచ్చును. రేడియో దానిని వినిపించునప్పటికి శ్రోతకు అది పాతది. ఇది కేవలము కొందఱు వర్తకుల లాభనష్టముల ముచ్చటయే యైనచో మేమిచ్చట ప్రస్తావింపకయే యుందుము. కాని రేడియో నడచునది ప్రజల సొత్తయిన ఆకాశమార్గమున. ఆ మార్గమున నేమి వినబడవలెనో విచారించు హక్కు శ్రోతకు గలదు. ఆ విచారణ జేయుటకు తగిన అదను ఇప్పుడు వచ్చినది.

ముందుగా జరిగిపోయిన కథను జ్ఞప్తికి దెచ్చుకొందము. నిజాము కాలమున హైదరాబాదు రేడియో ప్రధానముగా ఉర్దూలో నడచెడిది. తెలుగునకు దక్కిన కాలము స్వల్పము. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును ఆరంభమైన పిమ్మట తెలుగువానికి ఆకాశమున గట్టి చోటు చిక్కినది. మద్రాసునుండి న్యాయపతి రాఘవరావుగారును కామేశ్వరిగారును రేడియో అన్నయ్య, అక్కయ్యలై తెలుగు పిల్లల నందఱను ఒక్కయింటి బిడ్డలను జేసిరి. విజయవాడలో బాలాంత్రపు రజనీకాంతరావుగారి పూనికచే భక్తిరంజని ప్రాతఃకాలపు నియమమైనది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి వంటి విద్వాంసులకును, లలితగీతములు రచించు కవులకును రేడియో కొలువునిచ్చినది. సినిమాతో సంబంధములేని తెలుగు పాట యొకటి దేశమున బ్రతికియుండుటకు రేడియోయే ముఖ్యాధారమైనది.

ఆ మేలుతోపాటు ఒక పొరపాటును జరిగినది. 1952లో కేంద్రప్రభుత్వమున సమాచార ప్రసార శాఖ వహించిన బి. వి. కేస్కరుగారు శాస్త్రీయసంగీతముపైగల అభిమానముచే సినిమాపాటను ఆలిండియా రేడియోనుండి దాదాపుగా వెడలగొట్టిరి. ఫలితమేమైనది? శ్రోతలు రాగాలాపనలకు మరలలేదు. రేడియో మీటను సిలోనువైపు త్రిప్పిరి. కొలంబోనుండి వచ్చు హిందీ పాటలకును, తెలుగు పాటలకును ఇంటింట అభిమానులేర్పడిరి. తుదకు ప్రభుత్వమే దిగివచ్చి 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభింపవలసివచ్చెను. శ్రోతను బలవంతపెట్టి వినిపింపజాలమనునది దీనివలన తేలిన మొదటి నీతి. చెవి మూసికొనుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.

రెండవ నీతి ప్రైవేటు కేంద్రముల చరిత్రవలన తేలుచున్నది. ఆకాశతరంగములు ప్రజల సొత్తనియు, ప్రజాహితము కొఱకే వానిని వినియోగింపవలెననియు 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ప్రభుత్వము తన గుత్తాధిపత్యమును సడలించినది. కాని తరంగములను ప్రజలకిచ్చుటకు మాఱుగా వేలమునకు బెట్టినది. మొదటి దఫాలో లైసెన్సు రుసుమును నిర్ణీత మొత్తముగా విధించి, ఏటేట నూటికి 15 చొప్పున పెంచుచు పోవుటచే పాటదారులలో ననేకులు వెనుకకు తగ్గిరి, నిలిచినవారు నష్టపడిరి. 2005లో రెండవ దఫా విధానమున రుసుమును రాబడిలో నూటికి 4 వంతుగా మార్చిన పిమ్మటనే ఈ వ్యాపారము నిలద్రొక్కుకొన్నది. 2006 ప్రాంతమునుండి హైదరాబాదున రేడియో సిటీ, రేడియో మిర్చి, బిగ్ ఎఫ్.ఎం. మొదలగు కేంద్రములు వరుసగా వెలసినవి.

కేంద్రములు హెచ్చినచో వైవిధ్యము హెచ్చునని పలువురు తలంచిరి. ఒకటి శాస్త్రీయసంగీతమునకు, ఒకటి జానపదమునకు, ఒకటి సంభాషణలకు ప్రత్యేకింపబడునని ఆశించిరి. జరిగినది వేఱు. ఏ మీట త్రిప్పినను అదే క్రొత్త సినిమాపాట. ఇందులకు కేంద్రాధిపతుల అభిరుచిలోపమే కారణమనుట న్యాయము గాదు. ఎఫ్.ఎం. కేంద్రమునకు శ్రోత యొక్క దమ్మిడియు నీయడు. దానిని పోషించునది ప్రకటనదారుడు. ప్రకటనదారుడు కోరునది కొనుగోలు శక్తిగల పట్టణపు యువకుని చెవి. ఆ చెవికై యందఱును ఒక్క వలనే విసరిరి. కర్ణాటక సంగీతమునకు నూఱుమంది శ్రోతలున్నచోట వేయిమంది సినిమాపాటకున్నారన్నచో, నలుగురు వర్తకులును ఆ వేయిమందినే పంచుకొనగోరుదురు గాని ఆ నూఱుమందికై యొక్కడును అంగడి తెఱవడు. ఒకే వీధిలో నాలుగు మిఠాయి దుకాణములు వెలసి కూరగాయల దుకాణ మొక్కటియు వెలయకుండుట వంటిదే యిది.

దీనికి తోడు మఱియొక లోపము. ఎవ్వరెంతసేపు వినుచున్నారో లెక్కించుటకు 2007లో ఆరంభించిన శ్రోతల గణన ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, బెంగుళూరు అను నాలుగు నగరములతోనే సరిపెట్టుకొన్నది. హైదరాబాదునకు అందు చోటు దక్కలేదు. ఈ గణన లేనిచోట ప్రకటనదారుడు ఊహమీద నడచును. ఊహమీద నడచువాడు క్రొత్తదారి త్రొక్కుటకు జంకును.

ఇప్పుడు శ్రోతయే మారినాడు. 2016 సెప్టెంబరులో జియో సంస్థ రంగప్రవేశముతో ఇంటర్నెట్టు వెల నేలకు దిగినది. పాటలు వినిపించు సాధనములు ఫోనులో నిండినవి. కోరిన పాటను కోరినవేళ, ప్రకటనల బెడద తక్కువగా వినగలవాడు రేడియోలో ఆ పాట వంతు వచ్చువఱకు ఏల కాచుకొనవలెను? ఇంతకుమున్ను కూడలిలోని టీ దుకాణమున, దర్జీ కొట్టున, వంటయింట మ్రోగిన రేడియో నేడు విశేషముగా మోటారుకార్లలోనికి జేరినది. జూబిలీ హిల్సు చెక్‌పోస్టువద్ద సాయంకాలము కదలక నిలిచిన బండ్ల వరుసయే నేటి హైదరాబాదు రేడియోకు పెద్ద శ్రోతృసభ యనిన అతిశయోక్తి గాదు. నగరమున వాహనములు కదలకున్నంతకాలము రేడియో కదలుచుండును.

ఈ మార్పును గుర్తించి కేంద్రములు కొన్ని సర్దుబాట్లు చేసికొన్నవి. పాటకంటె మాటకు ప్రాధాన్యమిచ్చి, హాస్యమాడు వ్యాఖ్యాతలను పేరుగల తారలవలె తీర్చిదిద్దినవి. పాతపాటలను కోరువారికి పాతపాటల వేళలనేర్పరచినవి. నగరమున హిందీ, ఉర్దూ మాటలాడువారిని గూడ నాకర్షింప నుద్దేశించి రెండుభాషలను కలగలిపినవి. తమ వ్యాఖ్యాతల వేళాకోళములను ఫోనులలో ప్రదర్శించుచు, సభలను ఉత్సవములను నడపుచు క్రొత్తరాబడి వెదకికొనుచున్నవి. 2011 జులైలో ప్రకటించిన మూడవ దఫా విధానము ఒకే సంస్థ ఒకే నగరమున ఒకటికి మించిన కేంద్రములను షరతులతో నడపుటకు దారిచ్చినది. ఈ నేర్పునకు మేము సంతసింతుము. కాని ఇవి యన్నియు పాతసరకునే క్రొత్త పొట్లములలో గట్టుటవంటివి. ఫోను చేయలేని పనిని రేడియో చేసినప్పుడే దానికి నిలుకడ. ఆ పనియేదో విచారింతము.

అంతకుముందు పాటవెనుక నున్న మఱియొక తగవును చెప్పవలసియున్నది. పాటను ప్రసారము చేసినందుకు కేంద్రము ఎవరికెంత చెల్లింపవలెను? ఈ తగవు ఏండ్లతరబడి నలిగినది. 2010 ఆగస్టులో కాపీరైటు బోర్డు ధ్వనిముద్రికల యజమానులకు ప్రకటనల నికర రాబడిలో నూటికి 2 వంతు చాలునని తీర్మానించినది. 2012లో చట్టమును సవరించి, పాటవ్రాసిన కవికిని స్వరపరచిన వానికిని విడదీయరాని భాగము గలదని పార్లమెంటు శాసించినది. అందుకై రాజ్యసభలో గట్టిగా వాదించినవారిలో కవియైన జావేద్ అఖ్తరుగారొకరు. ఐనను సవరించిన చట్టముక్రింద రేడియోవారు కవికి వేఱుగా చెల్లింపవలెనా యను ప్రశ్న న్యాయస్థానముల కెక్కినది. చెల్లింపవలసినదే యని 2023 ఏప్రిలులో బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వున చెప్పినది.

ఫిల్మ్ నగరునకు ఇది పరాయి సంగతి గాదు. పాట వ్రాయునప్పుడు ఒక మొత్తమిచ్చి పుచ్చుకొన్నంతనే కవికి ఋణము తీరినదని తలచుట మన పరిశ్రమలో చిరకాలపు ఆచారము. పాట ముప్పది యేండ్లు మ్రోగుచున్నను వ్రాసినవాని యింటికి ఏమియు చేరకుండుట ధర్మము గాదు. 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోసుగార్లు తెలుగు పాటకు ఆస్కారు బహుమానమును గొనివచ్చినప్పుడు మనమందఱము గర్వించితిమి. ఆ గర్వము నిజమైనచో, పేరు రాని వందలకొలది కవుల భాగమును గూడ నిలుపవలెను. కేంద్రములు నష్టములలో నున్నవను మాట సత్యమే కావచ్చును. కాని కూలి ఎగవేసి సాగుచేసిన పొలము పంటను మెచ్చువాడుండడు.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. ఫోను చేయలేనిదియు రేడియో చేయగలదియు నగు పని ఏది? అది ఊరిమాట. ఈ ఊరిలో ఈ గంటలో జరుగుచున్నదానిని ఈ ఊరివాని గొంతుతో చెప్పుట. పాటల యంత్రమునకు మదనపల్లెలో నేడు టొమాటో ధర పడినదని తెలియదు. ఆదోని యార్డున ప్రత్తి యెట్లమ్మినదో, నిజామాబాదున పసుపు బస్తాలు ఎన్ని దిగినవో దానికక్కఱలేదు. ఇంతటి ప్రయోజనకరమైన పనిని మన ప్రభుత్వము తానే అడ్డగించుచు వచ్చినది. వార్తాపత్రిక నెవ్వరైనను నడపవచ్చును. టెలివిజనులో వార్తల కేంద్రములు వందలకొలది గలవు. ప్రైవేటు రేడియో మాత్రము సొంతముగా వార్త చెప్పరాదని నిబంధన. ఆకాశవాణి వార్తలను అక్షరము మార్చక వినిపింపవచ్చునట! చదువరాని కూలివానికిని అందుబాటులోనుండు సాధనమునకే ఈ శంక యేల? 2023 సెప్టెంబరు 5న టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్ గంటకు పది నిమిషములవఱకు వార్తల కనుమతింపవచ్చునని సిఫారసు చేసినది. ఆ కొలదిపాటి సిఫారసును అమలు జరుపుటకు జంకవలసిన కారణము మాకు గోచరింపదు.

కేంద్రములవారిని గూడ మేము నిర్దోషులనజాలము. వాతావరణము, ట్రాఫికు, పరీక్షా ఫలితములు, ఉద్యోగావకాశములు, నీరు విద్యుత్తుల సరఫరా, ప్రకృతి వైపరీత్యములు, ఆరోగ్య హెచ్చరికలు, ఇవి వార్తలలో చేరవనియు, నిరభ్యంతరముగా చెప్పవచ్చుననియు మూడవ దఫా నిబంధనలలోనే కలదు. ఈ అనుమతినైనను నిండుగ వినియోగించుకొన్నవారెందఱు? ట్రాఫికు ముచ్చట రెండు వాక్యములతో ముగించి వెంటనే పాటకు మరలుట పరిపాటియైనది.

ఈ ప్రశ్న నేడేల త్వరపడవలసినది? 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము దేశమున 234 క్రొత్తపట్టణములలో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. మార్గములను వేలమువేయుట కంగీకరించినది. అందు ఆంధ్రప్రదేశమున 22 పట్టణములకు 68, తెలంగాణమున 10 పట్టణములకు 31 మార్గములు గలవు. అనంతపురము, కర్నూలు, కాకినాడ, ఏలూరు, ఒంగోలు, బందరు, చీరాల, విజయనగరము, శ్రీకాకుళము ఒకవైపు. ఖమ్మము, కరీంనగరము, నల్లగొండ, నిజామాబాదు, రామగుండము, అదిలాబాదు ఇంకొకవైపు. మాతృభాషలో స్థానిక కార్యక్రమములను పెంచుటయే దీని యుద్దేశమని ప్రభుత్వము చెప్పినది. ఉద్దేశము మంచిదే. దానిని నెరవేర్చు కట్టుబాటేది?

మూడవ దఫా విధానమున ఒక సంస్థ తన కేంద్రములన్నింటను ఒకే కార్యక్రమమును ప్రసారము చేయుటకు స్వేచ్ఛగలదు. వర్తకుని దృష్టిలో ఇది ఆదాయుపు మార్గము. హైదరాబాదున నొక వ్యాఖ్యాత, ఒక పాటల పట్టిక. చీరాలలో ఒక స్తంభము, ఒక కాపలాదారుడు, ప్రకటనలు వసూలుచేయు నొక గుమాస్తా. అట్లే జరిగినచో చీరాల నేతగాడు తన పట్టణపు రేడియోలో జూబిలీ హిల్సు చెక్‌పోస్టు ట్రాఫికును గూర్చి వినుచుండును. రామగుండమున గనిదిగు కార్మికుడు ఫిల్మ్ నగరు తారల ముచ్చటలు వినుచుండును. పేరునకు పట్టణము కేంద్రము. పనికి నగరపు ప్రతిధ్వని. పట్టణపు ప్రకటనల రూకలు నగరమునకు పోవును. నగరపు మాట పట్టణమునకు వచ్చును.

చిన్న పట్టణమున స్థానిక కార్యక్రమములు గిట్టుబాటు కావని వర్తకులందురు. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. జీతములు, స్తంభపు అద్దె, పాటల రుసుము అన్నియు కలసి భారమే. కాని ఈ లెక్కకు మఱియొక ప్రక్క గలదు. ఫోనులో ఉచితముగా దొరకు పాటనే వినిపించినచో ఆ పట్టణమున రేడియో నెవ్వరు విందురు? హైదరాబాదున ట్రాఫికు శ్రోతలను కూర్చిపెట్టుచున్నది. నంద్యాలలోను, సూర్యాపేటలోను ఆ సాయము లేదు. అచ్చట శ్రోతను నిలుపగలది ఊరిమాటయే. కనుక స్థానికత ధర్మకార్యము మాత్రమే కాదు. వ్యాపారమునకు గూడ నదియే మూలధనము.

ఇది కేవలము ఊహ యనువారికి జహీరాబాదు ప్రాంతమును జూపుదుము. అచ్చట డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ యాదరమున మాచనూరు గ్రామమున సంగం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారము మొదలిడినది. దానిని నడపువారు దళిత స్త్రీలు. చిరుధాన్యముల సాగు, విత్తనములు, వైద్యము, పండుగలు, పాటలు, అన్నియు తమ పలుకుబడిలోనే చెప్పికొందురు. భవనము సిద్ధమైన పిమ్మట అనుమతికై వారు పదియేండ్లు కాచుకొనవలసివచ్చెను. దానిని ప్రారంభించినవారు ఎవరనుకొన్నారు? ఆకాశతరంగములు ప్రజల సొత్తని 1995లో తీర్పిచ్చిన న్యాయమూర్తులలో నొకరైన పి. బి. సావంతుగారే. తన తీర్పు ఎవరికొఱకో ఆయన అచ్చట కన్నులార చూచిరి. ఆ స్త్రీలకు పెట్టుబడి లేదు, పేరుగల తారలు లేరు. ఊరు మాత్రము వారిది. పట్టణపు కేంద్రము లాభము కోరునదే కావచ్చును. కాని ఆ స్త్రీలు చేయగలిగిన దానిలో పదవవంతు చేయలేనని వేలమున లక్షలు పాడినవాడు చెప్పుట సిగ్గుచేటు.

ఆపత్సమయములను గూడ తలచుకొందము. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు హెచ్చరిక అందక పోయిన ప్రాణములు వేలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తును, ఫోనుల వ్యవస్థయు చెల్లాచెదరైనవి. ఇంటర్నెట్టు స్తంభములు కూలినపుడు ఒక్క ఎఫ్.ఎం. స్తంభము నిలిచిన చాలును, జిల్లా కంతకు మాట చేరును. కాని వినుటకు సాధనముండవలెను గదా! నేటి ఫోనులలో పెక్కింట రేడియో గ్రాహకము లేదు, లేదా యుండియు పనిచేయకుండ కట్టివేయబడినది. దానిని తెఱచియుంచుడని 2023లో కేంద్రప్రభుత్వము ఫోనుల తయారీదారులకు సలహా నిచ్చినది. సలహా వలదు, నియమము కావలెను.

కావున మేము కోరునవి యివి. క్రొత్త పట్టణముల లైసెన్సులలో దినమునకు కొన్ని గంటలు ఆ పట్టణముననే తయారైన కార్యక్రమములుండవలెనని షరతు విధింపవలెను. ట్రాయ్ సూచించిన పది నిమిషముల వార్తలకు అనుమతి నీయవలెను. అసత్యము చెప్పినవానిని శిక్షించుటకు చట్టములు చాలును. శ్రోతల గణనను మన పట్టణములకు విస్తరింపవలెను. కవి భాగమును ఎగవేయు కేంద్రమునకు లైసెన్సు పొడిగింపరాదు. రెండవ దఫానుండి 2015లో మూడవ దఫాకు మాఱిన కేంద్రముల పదునైదేండ్ల గడువు 2030తో తీరును గనుక, నగరమునకు గూడ ఇవే షరతులు వర్తింపజేయుటకు అది తగిన సమయము.

ప్రభుత్వమును కోరినంతనే మన పని తీరదు. పట్టణ కేంద్రమును పోషించువాడు పట్టణపు వర్తకుడు: బట్టల దుకాణదారుడు, ఎరువుల వ్యాపారి, రైసుమిల్లు యజమాని, పాఠశాలాధిపతి. చదువరులలో ననేకులు ఆ వర్గమువారే. మీరు ప్రకటన నిచ్చుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: “మా ఊరి మాట మీ కేంద్రమున దినమునకు ఎన్నిగంటలు వినబడును?” ఇందుకు సరియైన సమాధానమిచ్చినవానికే మీ రూకలిండు. చట్టముకంటె ముందుగా ఈ ప్రశ్నయే పనిచేయును.

సినిమాపాటపై మాకు ద్వేషము లేదు. కేస్కరుగారి పొరపాటును మరల చేయుమని మేమనము. ఫిల్మ్ నగరు పాట అన్ని పట్టణములకును చేరుగాక, తెలుగువానికది ఆనందము. కాని పాట వచ్చిన త్రోవనే ఊరిమాటయు బయలుదేరి పోవలెను. వినుట మాత్రమే తెలుగు పట్టణముల వంతును, పలుకుట నగరము వంతును కాకూడదు. ఆకాశము వేలమున ఎవరు పాడుకొన్నను, దాని క్రింద నివసించువారు మనమే.